పాత దూలం, పడిపోయిన చెట్టు నుంచి కోసిన చిన్న పలకలను ఇంట్లో ఆరబెట్టడం ఎలా?

మీ ప్రశ్నను ఇలా అర్థం చేసుకున్నాను. కూల్చిన ఇంటి దూలం ఒకటి, గాలివానకు పడిపోయిన చెట్టు దుంగ ఒకటి మీకు దొరికాయి. రెండింటినీ అంగుళం మందం, రెండడుగుల లోపు పొడవు గల పలకలుగా కోయించి చిన్న పెట్టెలు, గోడ అరలు చేయాలనుకుంటున్నారు. అవి ఇంట్లో ఆరడానికి ఎన్ని రోజులు పడుతుంది, ఎండలో పెట్టవచ్చా, ఓవెన్‌లో పెడితే పని త్వరగా అవుతుందా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. పలకలను నీడలో, గాలి ఆడే చోట, మధ్యలో బద్దలు పెట్టి పేర్చండి. పచ్చి పలకల చివరలకు కోసిన రోజే మైనం పట్టించండి. వారానికొకసారి తూచి, ఆ బరువును పలక మీదే పెన్సిలుతో రాయండి. బరువు తగ్గడం ఆగినప్పుడే పలక ఆరినట్టు. క్యాలెండర్ చూసి ఆరిందని చెప్పలేము. ఎండ వద్దు, పలకలకు ఓవెన్ కూడా వద్దు. దూలం నుంచి కోసిన పలకలు నా అనుభవంలో మూడు నుంచి ఆరు వారాల్లో కుదురుకుంటాయి. పచ్చి దుంగ నుంచి కోసినవాటికి మాత్రం చెట్టు జాతిని బట్టి, గాలిలోని తేమను బట్టి కొన్ని నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగులు చెప్పే లెక్క మోటు అంచనా మాత్రమే; తేలిక చెక్క పొడిగాలిలో అందులో సగం కాలానికే ఆరిపోతుంది, బరువైన చెక్క తేమగాలిలో ఏడాది దాటినా ఆరదు.

ఇంత ఓపిక ఎందుకు అవసరమో చెప్పాలంటే చెక్కలో నీరు ఎక్కడ ఉంటుందో చెప్పాలి. పచ్చి చెక్కలో కణాల బోలు భాగాల్లో కొంత నీరు ఉంటుంది, కణాల గోడల్లో కొంత ఇంకి ఉంటుంది. బోలులో ఉన్న నీరు మొదట పోతుంది. అది పోతున్నంతసేపు పలక తేలికవుతుందే గాని కొలత దాదాపుగా మారదు. తేమ సుమారు 28 నుంచి 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది, అక్కడి నుంచే చెక్క కుదించుకుంటుంది. ఈ శాతం పూర్తిగా ఎండిన చెక్క బరువు మీద వేసే లెక్క కాబట్టి కొన్ని పచ్చి చెక్కల్లో తేమ 100 శాతం దాటి ఉండటంలో వింతేమీ లేదు. ఆ కుదింపు అన్ని వైపులా సమానంగా ఉండదన్నదే అసలు చిక్కు. వార్షిక వలయాల వెంబడి వచ్చే కుదింపు, చెట్టు నడిమి నుంచి బెరడు వైపు వచ్చే కుదింపుకు చాలా చెక్కల్లో దాదాపు రెట్టింపు ఉంటుంది. నిలువు పొడవునా వచ్చేది లెక్కలోకి రానంత తక్కువ. కుదురైన చెక్కగా పేరున్న టేకులోనే, పచ్చిదనం నుంచి పూర్తిగా ఎండేదాకా, వలయాల వెంబడి 5.8 శాతం, నడిమి నుంచి బెరడు వైపు 2.5 శాతం కుదింపు ఉంటుంది. అంటే వలయాలు వెడల్పు వెంబడి సాగేలా కోసిన 150 మిల్లీమీటర్ల టేకు పలక 20 శాతం తేమ నుంచి 10 శాతానికి దిగేసరికి దాదాపు 3 మిల్లీమీటర్లు తగ్గుతుంది. పెట్టె మూత బిగుసుకుపోవడానికి, అతుకు విడిపోవడానికి అది చాలు.

ఇదే కారణం వల్ల పలక దొన్నెలా వంగుతుంది. బెరడు వైపు ముఖం ఎక్కువగా కుదించుకోవడంతో అంచులు ఆ వైపుకే లేస్తాయి. పలక చివర వలయాల వంపు చూస్తే అది ఎటు వంగబోతోందో ముందే తెలిసిపోతుంది. చెట్టు నడిమి బెండు ఉన్న పలకను అలాగే ఆరబెట్టవద్దు. బెండు వెంబడి నెర్రె పడటం దాదాపు ఖాయం. ఆ భాగాన్ని నిలువునా కోసి తీసివేసి, రెండు ఇరుకు పలకలుగా చేసుకుంటేనే చెక్క దక్కుతుంది. గుండ్రటి బిళ్లలుగా కోసినవి నడిమి నుంచి అంచుదాకా చీలడం కూడా ఇందువల్లే. మీ దుంగ ప్రధాన కాండానిది కాక పక్కకు వాలిన లావు కొమ్మది అయితే ఇంకొక జాగ్రత్త కావాలి. కొమ్మలో తన బరువును మోయడానికి పెరిగిన బిగువు చెక్క ఉంటుంది, అది నిలువు పొడవునా కూడా కుదించుకుంటుంది. అటువంటి దానిలో పొడవాటి పలకల కోసం ఆశపడకుండా అడుగు లోపు ముక్కలు కోయడం మంచిది.

దూలం విషయం వేరు, దుంగ విషయం వేరు. మీ ప్రశ్నలో రెండూ ఒకే వాక్యంలో వచ్చాయి గాని, నేను వాటిని ఒకే దొంతిలో ఎన్నడూ పేర్చను. పచ్చి పలకల నుంచి వచ్చే తేమను ఎండిన పలకలు పీల్చుకుంటాయి, బూజు ఒకదాని నుంచి మరొకదానికి పాకుతుంది.

దూలం దశాబ్దాలపాటు కప్పు కింద ఉండి ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. అయినా కూల్చాక అది నేల మీద, వానలో ఎన్ని వారాలు పడి ఉందో తెలుసుకోండి. పై అంగుళం తడిసి ఉండవచ్చు. అది పూర్తిగా పొడిగా ఉన్నా సరే, కోసిన వెంటనే పలకలు కదులుతాయి. ఇన్నేళ్లు ఒకదానినొకటి పట్టి ఉంచిన లోపలి బిగువులు రంపం వేయగానే విడిపోతాయి, అంతకుముందు గాలి తగలని ముఖాలు మొదటిసారి గాలిని చూస్తాయి. నేను పాత కలపతో పని మొదలుపెట్టిన రోజుల్లో ఒక దూలం నుంచి కోసిన పలకను, ఇది ఎన్నో ఏళ్ల క్రితమే ఎండింది కదా అన్న ధీమాతో, అదే మధ్యాహ్నం తుది మందానికి చిత్రిక పట్టి పెట్టె మూతగా సిద్ధం చేశాను. మర్నాడు ఉదయానికి ఆ మూత బల్ల మీద పెడితే ఒక మూల లేచి ఊగుతోంది. దాన్ని మళ్లీ చదును చేయాలంటే మందం మిగలలేదు. ఎంతో కాలం ఒక ఇంటిని మోసిన చెక్క నా తొందర వల్ల వృథా అయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి దూలం పలకలను కావలసిన మందం కంటే 5 నుంచి 6 మిల్లీమీటర్లు ఎక్కువగా కోసి, బద్దల మీద కుదురుకోనిచ్చి, ఆ తరువాతే చిత్రిక పడుతున్నాను. అప్పుడు కూడా రెండు ముఖాల నుంచి సమానంగా తీస్తాను. ఒక ముఖం నుంచే తీస్తే తేమ తేడా, బిగువు తేడా రెండూ పలకను మళ్లీ వంచుతాయి.

రంపం వేయించే ముందే దూలంలో మేకులు వెతకాలి. అయస్కాంతం పైపై వాటిని మాత్రమే చూపుతుంది, లోతుగా దిగినవాటికి చిన్న లోహశోధకం కావాలి. మేకు చుట్టూ కనిపించే నల్ల మరక ఇనుము, చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం కలిసి పుట్టినది. దాన్ని నీటిలో కరిగించిన ఆక్సాలిక్ ఆమ్లంతో చాలావరకు తీయవచ్చు. అది విషపదార్థం కనుక చేతి తొడుగులు వేసుకోండి, తరువాత మంచినీటితో బాగా కడగండి. ఈ పని చెక్కను మళ్లీ తడుపుతుంది గనుక ఆరబెట్టక ముందే ముగించాలి. పాత రంగు పూత ఉంటే అందులో సీసం ఉండే అవకాశం ఉంది. దాన్ని గీకి, రుద్ది దుమ్ము లేపవద్దు, ఆ ముఖాన్ని మందంగా కోసి పారవేయడమే క్షేమం. తారు వాసన వేసే రైలు స్లీపర్లు, ఆకుపచ్చ ఛాయ కలిగిన మందు పట్టించిన కలప ఇంటి వస్తువులకు పనికిరావు. వాటిని కాల్చనూ కూడదు. సరుకు పేర్చే ప్యాలెట్ల చెక్క దొరికితే ముద్ర చూడండి: హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ వాయువుతో శుద్ధి చేసినది. రెండవదాన్ని నేను ముట్టుకోను.

ఇక పచ్చి దుంగ. దీనిలో మొదటి 24 గంటలే చాలా విషయాలను నిర్ణయిస్తాయి. చెక్కలోని నాళాలు నిలువునా సాగుతాయి కాబట్టి అడ్డకోత ముఖం నుంచి నీరు, పలక ముఖం నుంచి పోయేదానికంటే పదిరెట్లకు పైగా వేగంగా పోతుంది. చివరలు ముందే ఎండి కుదించుకోవాలని చూస్తాయి, నడుమ ఇంకా ఉబ్బి ఉండి కుదించుకోనివ్వదు, దాంతో చివరలు చీలతాయి. రెండడుగుల పలకలో రెండు చివరలా మూడేసి అంగుళాలు చీలితే పావువంతు పోయినట్టే. చిన్న పలకలకు చివరల పూత అంత ముఖ్యం కావడానికి ఇదే కారణం. పారాఫిన్ మైనాన్ని వేడినీటి గిన్నెలో ఉంచిన మరో గిన్నెలో కరిగించి, మంట మీద నేరుగా పెట్టకుండా, ప్రతి చివరనూ రెండు సెంటీమీటర్ల లోతు ముంచి తీస్తాను. మైనం లేనప్పుడు చిక్కటి ఆయిల్ పెయింటును రెండు మూడు పూతలు వేసినా పని నడుస్తుంది, కాకపోతే ఒక్క పలుచని పూత ఏమీ ఆపదు. చీలిక కనిపించాక పూసినందువల్ల కూడా పెద్దగా ప్రయోజనం ఉండదు.

ఇప్పటికే చీలి ఉన్న చివరలను ఎంతవరకు కోయాలన్నదానికి నేను పాటించే పద్ధతి ఇది. చివర నుంచి 5 మిల్లీమీటర్ల బిళ్ల కోసి చేతులతో వంచుతాను. కంటికి కనపడని నెర్రె ఉంటే బిళ్ల అక్కడే పుటుక్కున విరుగుతుంది. బిళ్ల గట్టిగా నిలిచేదాకా అలా కోస్తూ పోయి, అక్కడ ఆగి, వెంటనే మైనం పెడతాను.

పేర్చడం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, అయితే బద్దల విషయంలో నిర్లక్ష్యం వద్దు. అవి పూర్తిగా ఎండినవై, అన్నీ ఒకే మందంలో, 20 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. పచ్చి బద్దలు పెడితే పలకల మీద అడ్డ చారలుగా మరకలు పడతాయి. రెండడుగుల పలకకు మూడు బద్దలు చాలు: రెండు చివరలకు దగ్గరగా, ఒకటి నడుమ, పై వరుస బద్ద కింది వరుస బద్దకు సరిగ్గా మీద ఉండేటట్టు. బద్దలు పక్కకు జరిగితే పలక వంగి ఆ వంపులోనే ఎండి అలాగే ఉండిపోతుంది. దొంతిని నేల నుంచి జానెడు ఎత్తున పెట్టి, పైన చదునైన పలక వేసి ఇటుకలో రాళ్లో పెట్టండి. బరువు వంకరను కొంత అదుపు చేస్తుంది, పూర్తిగా ఆపలేదు.

గాలి ఎంత ఉండాలన్నది జాతిని బట్టి మారుతుంది. మామిడి, రబ్బరు, పైన్ వంటి లేతరంగు చెక్కలకు మొదటి వారంలో ప్రమాదం నెర్రెల కంటే బూజుదే. తేమ 20 శాతానికి పైన ఉన్నంతకాలం శిలీంధ్రానికి అవకాశం ఉంటుంది. ఒకసారి మామిడి పలకలను కోసిన సాయంత్రం బద్దలు పెట్టకుండా ఒకదానిపై ఒకటి వేసి, అనుకోని ప్రయాణం మీద వెళ్లి తొమ్మిది రోజులకు తిరిగివచ్చాను. తెల్లచెక్క (బెరడును ఆనుకొని ఉండే లేత చెక్క) అంతటా నీలిబూడిద చారలు పరుచుకున్నాయి. చిత్రిక పట్టి తీసివేద్దామంటే అవి లోపలిదాకా దిగి ఉన్నాయి. ఆ మరక వల్ల చెక్క బలం పెద్దగా తగ్గదు, కాబట్టి వాటితో లోపలి అరలు చేసుకున్నాను. అయితే ఆ లేత బంగారు రంగు మాత్రం తిరిగి రాలేదు. అందుకే ఇటువంటి చెక్కలకు మొదటి కొద్ది రోజులు ఫ్యాన్ గాలి తగిలేలా పెడతాను. ఓక్ వంటి దట్టమైన, నెమ్మదిగా ఆరే చెక్కలకు దీనికి విరుద్ధంగా చేయాలి. వాటికి మొదటి వారాల్లో గాలి వేగాన్ని తగ్గించాలి. దొంతి చుట్టూ పలుచని గుడ్డ కప్పి, మధ్యమధ్య తీసి చూస్తుండాలి.

ఎండ, ఓవెన్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. పైపొర వేగంగా ఎండి కుదించుకోబోతే తడిగా ఉన్న లోపలి భాగం అడ్డుపడుతుంది. పైపొర చీలుతుంది, లేదా సాగి ఆ సాగిన కొలతలోనే గట్టిపడుతుంది. తరువాత లోపల ఎండి కుదించుకోబోయినప్పుడు పెంకులాంటి పైపొర దాన్ని పట్టి ఉంచుతుంది. చూడటానికి పలక చక్కగానే ఉంటుంది, కానీ మందాన్ని రెండుగా కోయగానే రెండు సగాలూ కోసిన ముఖం వైపుకు వంగిపోతాయి. మరీ విషమించితే లోపల తేనెతుట్టె లాగా బోలు పగుళ్లు ఏర్పడతాయి, పైకి ఏమీ కనిపించదు. మైక్రోవేవ్‌లో చిన్న ముక్కలను కొద్దికొద్దిగా ఆరబెట్టేవారు ఉన్నారు. పాత కలప విషయంలో మాత్రం నేను ఒప్పుకోను: లోపల విరిగిన మేకు ముక్క ఉండవచ్చు, పైగా నడిమి భాగం బయటికి తెలియకుండానే మాడి పొగ రావచ్చు.

ఓవెన్‌కు ఒక్క సరైన ఉపయోగం ఉంది, అది తేమను కొలవడానికి. అదే దుంగ నుంచి అదే రోజు కోసిన మరో పలక చివరి నుంచి కనీసం ఒక జానెడు లోపల అంగుళం వెడల్పు ముక్క కోయండి. పొట్టు దులిపి వెంటనే తూచండి. 103 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, మధ్యమధ్య తీసి తూస్తూ, బరువు ఇక మారకుండా నిలిచేదాకా ఆరబెట్టండి. పక్కనే ఉండి చూసుకోండి, రంగు గాని మందు గాని తగిలిన ముక్కను మాత్రం ఓవెన్‌లో పెట్టకండి. ముక్క 93 గ్రాముల నుంచి 75 గ్రాములకు దిగిందనుకుందాం. పోయిన 18 గ్రాములను 75తో భాగిస్తే తేమ 24 శాతం. ముక్క కోసినప్పుడే తూచిన, మీరు ఆరబెడుతున్న పలక 1860 గ్రాములు ఉంటే, 1.24తో భాగించగా అందులోని పొడి చెక్క 1500 గ్రాములు. మీకు 12 శాతం తేమ కావాలంటే ఆ పలక 1680 గ్రాములకు దిగాలి. ఈ సంఖ్యను పలక మీద రాసి గీత గీయండి. ఇక మిగతాదంతా వంటింటి త్రాసు చెబుతుంది.

లక్ష్యం ఎంత ఉండాలన్నది పెట్టె చివరికి ఉండబోయే గదిని బట్టి ఉంటుంది. సాధారణ ఉష్ణోగ్రతలో గాలి తేమ 30 శాతం ఉన్న చోట చెక్క సుమారు 6 శాతం దగ్గర నిలుస్తుంది. 50 శాతం ఉంటే 9, 65 శాతం ఉంటే 12, 80 శాతం ఉంటే 16 శాతం దగ్గర నిలుస్తుంది. బయట వసారాలో ఆరిన పలకను ఏసీ నడిచే గదికి తెస్తే అది మళ్లీ కుదించుకుంటుంది. అందువల్ల చివరి రెండు మూడు వారాలు పలకలను, బద్దలతో సహా, ఆ గదిలోనే ఉంచండి. వారం తేడాతో తీసిన మూడు తూకాలు 1680 గ్రాముల పలకలో నాలుగైదు గ్రాములకు మించి మారకపోతే పని మొదలుపెట్టవచ్చు. గాలిలో తేమ పెరిగిన వారంలో బరువు కొద్దిగా పెరిగినా కంగారుపడకండి, చెక్క గాలితో ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పటికీ ఆగదు. పైన వేసే పాలిష్ కూడా ఆ వేగాన్ని తగ్గిస్తుందే గాని ఆపదు. పెట్టె అడుగు పలకను జిగురుతో నాలుగువైపులా బిగించకుండా గాడిలో వదులుగా కూర్చోబెట్టేది ఇందుకే.

తేమ మీటరు కొనాలా అని కూడా అడిగారు. సూదులు గుచ్చే రకం ఉపయోగకరమే. అది 6 నుంచి 28 శాతం లోపలే నమ్మదగిన లెక్క ఇస్తుంది. జాతిని బట్టి, ఉష్ణోగ్రతను బట్టి సవరణ అవసరం. పొట్టి సూదులు పై మిల్లీమీటర్ల సంగతే చెబుతాయి. పనికిరాని పలకను నడుమకు కోసి, కొత్తగా తెరుచుకున్న ముఖంలో గుచ్చి చూస్తే లోపలి తేమ తెలుస్తుంది. మీవి కొద్దిపాటి పలకలే కనుక త్రాసుతోనే సరిపోతుంది.

పురుగు విషయం కూడా చెప్పాలి. పలక కింద పిండిలాంటి సన్నని పొట్టు కొత్తగా రాలుతూ ఉంటే తెల్లచెక్కను తొలిచే పురుగు లోపల ఉన్నట్టే, ఆ పలకను వెంటనే వేరు చేయండి. ఆరినంత మాత్రాన ఆ పురుగు చావదు. ప్యాకింగ్ కలపకు వర్తించే ఐఎస్‌పీఎం 15 అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చెక్క నడిమి భాగం సహా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉండాలి. మీ ఊళ్లో వేడితో కలప ఆరబెట్టేవారు ఉంటే అనుమానం ఉన్న పలకలను వారికి ఇవ్వండి. లేకపోతే తెల్లచెక్కను పూర్తిగా కోసేసి చేవ మాత్రమే వాడుకోండి. పాత రంధ్రాలు ఉండి కొత్త పొట్టు రాలకపోతే కింద నల్ల కాగితం పరచి కొన్ని నెలలు గమనించాకే నమ్మండి.

మీరు దూలం పలకలతో మొదలుపెట్టండి. అవి కుదురుకునేలోపే దుంగ పలకలకు మైనం పెట్టి, నమూనా ముక్కతో లెక్క వేసి, ప్రతి పలక మీద తేదీ, బరువు, చేరవలసిన బరువు రాసిపెట్టండి. నాలుగు వారాల తూకాలు చేతికొచ్చాక చెట్టు పేరు, పలకల మందంతో పాటు ఇక్కడే రాస్తే, అవి సరైన వేగంతో ఆరుతున్నాయో లేదో చూసి చెబుతాను.